వేరే ప్రోగ్రాం పట్టుకున్న ఫైల్‌ని వదిలేదాకా ఆగడానికి సరైన పద్ధతి ఏది? (సీ షార్ప్, ఇప్పుడు విండోస్, త్వరలో లినక్స్)

తీగలవంతెన అడిగిన ప్రశ్న

డాట్‌నెట్ 8లో రాసిన విండోస్ సర్వీస్ ఇది. బయటివాళ్ళ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఒక ఫోల్డర్‌లోకి సిఎస్‌వి ఫైళ్ళు పడేస్తుంది, ఒక్కోటి 40 ఎంబీ దాకా ఉంటుంది. ఫోల్డర్‌లో మార్పులు చెప్పే ఫైల్‌సిస్టమ్‌వాచర్ నుంచి ‘క్రియేటెడ్’ ఈవెంట్ రాగానే ఫైల్.ఓపెన్‌రీడ్‌తో తెరుస్తున్నాం. దాదాపు ప్రతి ఫైల్‌కీ ‘దీన్ని మరో ప్రాసెస్ వాడుతోంది’ అని ఐఓఎక్సెప్షన్ వస్తుంది.

ఇప్పుడున్న కోడ్ ఇలా ఉంది: ఫైల్‌లాక్డ్ అనే ఫంక్షన్ ఫైల్‌ని తెరిచి మూసి ట్రూ లేదా ఫాల్స్ ఇస్తుంది. ట్రూ వస్తే థ్రెడ్.స్లీప్ 1000, మళ్ళీ అదే. ఫాల్స్ వస్తే తెరుస్తుంది. అయినా అప్పుడప్పుడూ ఫాల్స్ వచ్చాక కూడా ఓపెన్ ఫెయిలవుతోంది. ఇంకోసారి ఎక్సెప్షన్ ఏమీ లేకుండానే సగం ఫైల్ చదివేస్తోంది.

అడగాలనుకున్నవి:

ఒకటి, ఇలా పదేపదే తట్టి చూడకుండా, ఫైల్‌ని వదలగానే విండోసే మనల్ని లేపే దారి ఉందా?

రెండు, ఎంతసేపు ఆగాలి, ఎంతెంత గ్యాప్‌లో?

మూడు, చదివిన వివరాలు ఒకే సమ్మరీ ఫైల్‌లో చివర చేర్చాలి. మా సర్వీస్ కాపీలు ఒకే మెషీన్‌లో రెండు మూడు నడుస్తాయి. వాటి మధ్య లాక్ ఎలా పెట్టాలి?

నాలుగు, దీన్ని లినక్స్ కంటైనర్‌లోకి మార్చే ఆలోచన ఉంది. ఫైల్‌షేర్.నన్ (మనం మూసేదాకా ఇంకెవరూ ఫైల్ తెరవకూడదనే సెట్టింగ్) అక్కడ కూడా ఇలాగే పనిచేస్తుందా?

---

పాతకెర్నల్

మొదటిదానికి సూటిగా: లేదు. విండోస్‌లో ఏ భాష నుంచి ఫైల్ తెరిచినా చివరికి వెళ్ళేది క్రియేట్‌ఫైల్ దగ్గరికే. దానికి ‘ఫైల్‌ని వదిలేదాకా ఆగు’ అనే ఫ్లాగ్ లేదు. షేరింగ్ కుదరకపోతే అక్కడికక్కడే 32వ నంబర్ ఎర్రర్ ఇచ్చి తిప్పి పంపేస్తుంది. కాబట్టి పోలింగ్, అంటే పదేపదే తట్టి చూడటం, తప్పదు. దాన్ని సరిగ్గా చేయడమే మన పని.

ముందుగా ఆ ఫైల్‌లాక్డ్ ఫంక్షన్ తీసేయండి. అది ఫాల్స్ ఇచ్చేసరికి హ్యాండిల్ (తెరిచిన ఫైల్ మీద ప్రోగ్రాంకి ఉండే పట్టు) మూసేసి ఉంటుంది. మీరు రెండోసారి తెరిచేలోపు బిల్లింగ్ సాఫ్ట్‌వేరో, యాంటీవైరసో, బ్యాకప్పో దూరిపోవచ్చు. ఫాల్స్ తర్వాత కూడా ఓపెన్ ఫెయిలవడానికి కారణం అదే. చూడటం, తెరవడం ఒకే పిలుపులో జరగాలి. అంటే ఫంక్షన్ ట్రూ, ఫాల్స్ కాకుండా తెరుచుకున్న ఫైల్‌స్ట్రీమ్‌నే రిటర్న్ చేయాలి. పిలిచినవాళ్ళు దాన్ని యూజింగ్ బ్లాక్‌లో పెట్టుకుంటారు.

రెండో సంగతి షేర్ మోడ్, అంటే మనం తెరిచి ఉండగా ఇతరులు ఏం చేయొచ్చో చెప్పే సెట్టింగ్. ఇక్కడ చాలామంది తికమక పడతారు. కొత్తగా తెరిచేవాళ్ళకి విండోస్ రెండు వైపులా చూస్తుంది. మీరు అడిగే యాక్సెస్‌ని ఇప్పటికే తెరిచినవాళ్ళంతా ఒప్పుకుని ఉండాలి. అలాగే వాళ్ళు ఇప్పటికే తీసుకున్న యాక్సెస్‌ని మీరు ఇచ్చే షేర్ మోడ్ ఒప్పుకోవాలి. ఫైల్.ఓపెన్‌రీడ్, ఫైల్.రీడ్‌ఆల్‌టెక్స్ట్ రెండూ లోపల ఫైల్‌షేర్.రీడ్ వాడతాయి. ‘నేను చదువుతున్నంతసేపూ ఎవరూ రాయకూడదు’ అని దాని అర్థం. అవతలివాడు రాయడానికి తెరిచి, ఇతరుల్ని చదవనిచ్చినా సరే, మీ షరతు కుదరదు కాబట్టి 32 వస్తుంది.

దీనివల్ల మీకో లాభం ఉంది. మీకు కావలసింది ‘రాసేవాళ్ళు ఎవరూ లేరు’ అనే హామీ. దానికి ఫైల్‌షేర్.రీడ్ చాలు, ఫైల్‌షేర్.నన్ అక్కర్లేదు. నన్ పెడితే ఎవరో చదవడానికి మాత్రమే తెరిచినా మీరు ఆగిపోతారు. కొత్తగా పుట్టిన ఫైల్‌ని యాంటీవైరస్, సెర్చ్ ఇండెక్సర్ కాసేపు తెరిచి చూడటం మామూలే, వాటికోసం మీరెందుకు ఆగాలి? ఫైల్‌షేర్.రీడ్‌రైట్ మాత్రం ఇక్కడ పొరపాటున కూడా వాడకండి. ఇంకా రాస్తున్న లాగ్ ఫైల్ చివర గమనించడానికి అది సరైనదే. మీ పనిలో మాత్రం ఎక్సెప్షన్ రాకుండా సగం ఫైల్ చదివేస్తారు. కోడ్‌లో ఎవరో ఒకచోట రీడ్‌రైట్ పెట్టారేమో వెతకండి. మీ ‘సగం ఫైల్’ గొడవ అక్కడిదే కావచ్చు.

ఏ ఎర్రర్‌కి మళ్ళీ ప్రయత్నించాలి అన్నది మూడోది. ఐఓఎక్సెప్షన్ వచ్చిన ప్రతిసారీ లూప్ తిప్పకండి. ఫైల్ దొరకలేదు, ఫోల్డర్ దొరకలేదు, దారి మరీ పొడుగు, ఇవన్నీ ఐఓఎక్సెప్షన్ పిల్లలే. డిస్క్ నిండినా అదే టైపు వస్తుంది, లోపలి నంబర్ 112. ఇవేవీ ఆగితే పోయేవి కావు. హెచ్‌రిజల్ట్ (ఎక్సెప్షన్‌లో ఉండే ఎర్రర్ నంబర్) కింది 16 బిట్లు తీసి చూడండి. 32 అంటే షేరింగ్ కుదరలేదని, 33 అంటే ఫైల్‌లో కొన్ని బైట్ల మీద లాక్ ఉందని. ఈ రెండింటికే ఆగాలి. పూర్తి హెచ్‌రిజల్ట్ సీ షార్ప్‌లో -2147024864, -2147024863 అని కనిపిస్తుంది. మెసేజ్ టెక్స్ట్‌ని పోల్చే పని మాత్రం వద్దు, విండోస్ భాష మారితే అదీ మారిపోతుంది.

5వ నంబర్ వేరే కథ. అది అన్‌ఆథరైజ్డ్‌యాక్సెస్‌ఎక్సెప్షన్‌గా వస్తుంది, ఐఓఎక్సెప్షన్ క్యాచ్‌లో పడదు. పర్మిషన్ లేకపోయినా, రీడ్-ఓన్లీ ఫైల్‌ని రాయడానికి తెరిచినా, ఫైల్ అనుకుని ఫోల్డర్‌ని తెరిచినా ఇదే. డిలీట్ చేసినా ఎవరి దగ్గరో హ్యాండిల్ మిగిలిపోయి ‘డిలీట్ పెండింగ్’లో ఉన్న ఫైల్‌కి కూడా ఇదే వస్తుంది. దీనికి ఒకటి రెండు సార్లు చూసి వదిలేయండి, నిమిషాల తరబడి తిరగొద్దు.

ఇక లూప్. ఫోన్‌లో చదివేవాళ్ళకి కోడ్ బ్లాక్ విరిగిపోతుంది కాబట్టి మాటల్లోనే రాస్తున్నా:

1. స్టాప్‌వాచ్ మొదలు. డేట్‌టైమ్.నౌతో లెక్క వద్దు, గడియారం సింక్ అయినప్పుడు ముందుకో వెనక్కో దూకుతుంది.
2. ట్రైలో కొత్త ఫైల్‌స్ట్రీమ్: ఫైల్‌మోడ్.ఓపెన్, ఫైల్‌యాక్సెస్.రీడ్, ఫైల్‌షేర్.రీడ్. తెరుచుకుంటే అదే రిటర్న్.
3. క్యాచ్ ఐఓఎక్సెప్షన్, వెన్ ఫిల్టర్‌తో 32 లేదా 33 అయితేనే. మిగతావి పైకి పోనివ్వండి.
4. గడువు దాటితే టైమ్‌అవుట్‌ఎక్సెప్షన్. చివర వచ్చిన ఐఓఎక్సెప్షన్‌ని దాని ఇన్నర్‌గా పెట్టండి, లాగ్‌లో అసలు కారణం కనబడాలి.
5. అవెయిట్ టాస్క్.డిలే, క్యాన్సిలేషన్ టోకెన్‌తో (ఆపేయమని చెప్పే సంకేతం) సహా. ఆ తర్వాత గ్యాప్ రెట్టింపు, మళ్ళీ 2కి.

గ్యాప్ 50 మిల్లీసెకన్లతో మొదలుపెట్టి 100, 200, 400, 800, 1600 అయ్యాక 2000 దగ్గర ఆపేయండి. ప్రతి గ్యాప్‌కీ ఇటూ అటూ 25 శాతం ర్యాండమ్ కలపండి, లేకపోతే మీ మూడు కాపీలూ ఒకే క్షణంలో లేచి ఢీకొంటాయి. 60 సెకన్ల గడువులో ఇది సుమారు 35 ప్రయత్నాలు. 20 మిల్లీసెకన్ల స్థిర గ్యాప్ అయితే 3000. ఫోల్డర్ నెట్‌వర్క్ షేర్ మీద ఉంటే ప్రతి ప్రయత్నమూ సర్వర్ దాకా వెళ్ళి రావాలి, తేడా అక్కడ బాగా తెలుస్తుంది. మొదటి గ్యాప్ 1 మిల్లీసెకను పెట్టి ఉపయోగం లేదు. విండోస్ టైమర్ డిఫాల్ట్‌గా 15.6 మిల్లీసెకన్లకి ఒకసారి కదులుతుంది.

టోకెన్ మరిచిపోతే సర్వీస్ ఆపేటప్పుడు తెలుస్తుంది. సర్వీస్‌ని నడిపే జెనరిక్ హోస్ట్ డాట్‌నెట్ 6 నుంచి షట్‌డౌన్‌కి ఇచ్చే డిఫాల్ట్ గడువు 30 సెకన్లే, మీ లూప్ 60 అంటుంది.

---

రాత్రిషిఫ్ట్

పైన చెప్పినదంతా కరెక్టే. కానీ లాక్ దొరికినంత మాత్రాన ఫైల్ పూర్తయిందని కాదు. ఈ చర్చలో అసలు ప్రమాదం ఇదే అనుకుంటున్నా.

రాసే ప్రోగ్రాం వెయ్యి వరుసలు రాసి మూసి, మళ్ళీ తెరిచి ఇంకో వెయ్యి రాయొచ్చు. ఎఫ్‌టిపి అప్‌లోడ్ మధ్యలో తెగితే సర్వర్ హ్యాండిల్ మూసేస్తుంది, క్లయింట్ కాసేపాగి మిగతాది పంపిస్తుంది. ఈ మధ్యలో మీ ఓపెన్ దర్జాగా సక్సెస్ అవుతుంది. అంతేకాదు, మీరు పట్టుకుని ఉండగా వాడు మళ్ళీ తెరవబోతే ఈసారి 32 వాడికి తగులుతుంది. వాడి దగ్గర రీట్రై లేకపోతే ఆ ఫైల్ అక్కడితో ఆగిపోయినట్టే.

నమ్మదగిన దారి ఒకటే: రాసేవాడు ‘.టిఎంపి’ లాంటి పేరుతో రాసి, మూసి, అదే ఫోల్డర్‌లో అసలు పేరుకి మార్చాలి. ఒకే వాల్యూమ్‌లో పేరు మార్చడమంటే డేటా కదలదు, అసలు పేరు కనబడిందంటే ఫైల్ పూర్తయినట్టే. వేరే డ్రైవ్ నుంచి మూవ్ చేస్తే మాత్రం అది లోపల కాపీ, తర్వాత డిలీట్. హామీ పోయింది. పేరు మార్చడం వీలుకాదంటే డేటా ఫైల్ అయ్యాక చివర ‘.డన్’ అనే ఖాళీ ఫైల్ వేయమనండి, మీరు దాన్ని బట్టే కదలండి.

వాచర్ గురించి కొంచెం. ‘క్రియేటెడ్’ అంటే ఫైల్ పుట్టిందని మాత్రమే, రాయడం అయిపోయిందని కాదు. పేరు మార్పు పద్ధతికి వెళితే ‘రీనేమ్డ్’ వినాలి. బఫర్ డిఫాల్ట్‌గా 8 కేబీ, 64 దాకా పెంచుకోవచ్చు. ఒకేసారి వందల ఫైళ్ళు పడితే అది పొంగి ఈవెంట్లు పోతాయి, ‘ఎర్రర్’ ఈవెంట్‌కి హ్యాండ్లర్ పెట్టకపోతే పోయినట్టు కూడా తెలియదు. అందుకే ఈవెంట్ హ్యాండ్లర్‌లో ఫైల్ తెరిచే పని పెట్టకండి. పేరుని క్యూలో వేసి బయటికి వచ్చేయండి. సర్వీస్ మొదలైనప్పుడు ముందు వాచర్ ఆన్ చేసి, ఆ తర్వాత ఫోల్డర్ మొత్తం ఒకసారి చూడండి. ఈ వరుస తిరగబడితే మధ్యలో పడ్డ ఫైల్ ఎవరి కంటా పడదు. ఆ తర్వాత కూడా నిమిషానికోసారి ఫోల్డర్ తిరగేయడం మంచిది. వాచర్‌ని త్వరగా లేపే గంటలా వాడుకోండి, లెక్క మాత్రం ఫోల్డర్‌నే అడగండి.

---

తీగలవంతెన

ఇద్దరికీ ధన్యవాదాలు. కోడ్‌లో వెతికితే రీడ్‌రైట్ నిజంగానే ఒకచోట ఉంది, ఆ దారిలోనే సగం ఫైళ్ళు వస్తున్నాయి.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మా చేతిలో లేదు, పేరు మార్చమని గానీ ‘.డన్’ వేయమని గానీ అడగలేం. సైజు పెరగడం ఆగిందో లేదో చూసి నిర్ణయిస్తే నడుస్తుందా? గడువు 60 సెకన్లే ఎందుకు?

---

రాత్రిషిఫ్ట్

60 ఉదాహరణకి చెప్పిందండి. మీ లెక్క మీరు వేసుకోండి. 40 ఎంబీ అంటే 320 మెగాబిట్లు. సెకనుకి 10 మెగాబిట్ల లైన్ మీద వస్తే 32 సెకన్లు. దానికి మూడు రెట్లు, అంటే 100 సెకన్లు పెట్టుకోండి. లోకల్ డిస్క్ మీదే రాస్తుంటే 15 చాలు. గడువు దాటిన ఫైల్‌ని పారేయకండి, క్యూ చివరికి పంపండి. నాలుగైదు చుట్లు తిరిగినా తెరుచుకోకపోతే అప్పుడు మనిషికి కబురు పెట్టండి.

సైజు ఒక్కదాన్నే నమ్మొద్దు, రెండు కారణాలు. ఎక్స్‌ప్లోరర్‌లో కాపీ చేసినప్పుడు సైజు మొదట్లోనే పూర్తి అంకెకి వెళ్ళిపోతుంది, డేటా తర్వాత నిండుతుంది. రెండోది, విండోస్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టిఎఫ్‌ఎస్‌లో ఫోల్డర్ లిస్టులో కనిపించే సైజు, రాసేవాడు హ్యాండిల్ మూసేదాకా పాతదే చూపించవచ్చు. రాస్తూ ఉన్నా కదలనట్టే ఉంటుంది.

మీ పరిస్థితిలో మూడూ కలిపి వాడండి: ఫైల్‌షేర్.రీడ్‌తో తెరుచుకోవాలి, తెరిచాక స్ట్రీమ్.లెంగ్త్ రాసి పెట్టుకుని మూసేయాలి, 5 సెకన్ల తర్వాత మళ్ళీ తెరిస్తే అదే లెంగ్త్, అదే చివరి మార్పు సమయం ఉండాలి. రెండోసారి తెరిచిన హ్యాండిల్‌తోనే చదవాలి, మళ్ళీ మూసి తెరవకూడదు. ఫైల్ చివర మొత్తాలు చెప్పే వరుస, అదే ట్రైలర్ రికార్డ్, ఉంటే ఇంకా మేలు. బిల్లింగ్ ఫైళ్ళలో వరుసల సంఖ్య చివర ఉండటం మామూలే, అది సరిపోతేనే లోడ్ చేయండి. అదొక్కటీ ఉంటే 5 సెకన్ల నాటకం కూడా అక్కర్లేదు.

ఇంకోటి. చదివాక ఫైల్‌ని ‘ప్రాసెస్డ్’ ఫోల్డర్‌లోకి మూవ్ చేస్తారు కదా, స్ట్రీమ్ మూయకుండా మూవ్ చేస్తే 32 ఇచ్చేది మీ సొంత హ్యాండిలే. పేరు మార్చాలన్నా డిలీట్ చేయాలన్నా తెరిచి ఉన్న ప్రతి హ్యాండిల్ ఫైల్‌షేర్.డిలీట్ ఇచ్చి ఉండాలి. యూజింగ్ బ్లాక్ బయటికి వచ్చాకే మూవ్.

---

నల్లతెర

మూడో ప్రశ్న, సమ్మరీ ఫైల్. ఇక్కడ రెండు వైపులా మీ కోడే, కాబట్టి దారులు ఎక్కువ.

చాలామంది ముందు చెప్పేది పేరున్న మ్యూటెక్స్, అంటే ఒకసారికి ఒక్కరికే దొరికే లాక్. అందులో గుంటలు మూడు. సర్వీస్ నడిచేది 0వ సెషన్‌లో, లాగిన్ అయిన యూజర్ వేరే సెషన్‌లో. పేరు ముందు ‘గ్లోబల్\’ లేకపోతే రెండిటికీ రెండు వేర్వేరు మ్యూటెక్స్‌లు పుడతాయి, ఎర్రర్ ఏమీ రాదు, లాక్ మాత్రం ఉండదు. రెండోది, మ్యూటెక్స్ తీసుకున్న థ్రెడ్డే వదలాలి. మధ్యలో అవెయిట్ ఉంటే తర్వాతి లైను ఇంకో థ్రెడ్ మీద నడవొచ్చు, అప్పుడు రిలీజ్‌మ్యూటెక్స్ దగ్గర అప్లికేషన్‌ఎక్సెప్షన్. మూడోది అబాండన్డ్‌మ్యూటెక్స్‌ఎక్సెప్షన్: పట్టుకున్న ప్రాసెస్ చచ్చిపోయిందని. ఎక్సెప్షన్ వచ్చినా లాక్ మీకు దక్కినట్టే, పని అయ్యాక వదలాలి. కాకపోతే ఫైల్ సగంలో ఉండొచ్చు కాబట్టి చివరి వరుస సరిచూసుకోవాలి.

నా ఓటు విడిగా పెట్టే లాక్ ఫైల్‌కి. సమ్మరీ ఫైల్ పక్కనే ‘సమ్మరీ.లాక్’ అని ఒకటి. దాన్ని ఫైల్‌మోడ్.ఓపెన్‌ఆర్‌క్రియేట్, ఫైల్‌షేర్.నన్‌తో, పాతకెర్నల్ గారు చెప్పిన లూప్‌లోనే తెరవండి. తెరుచుకుంటే లాక్ మీది. మూస్తే పోయింది. ప్రాసెస్ కూలిపోయినా విండోస్ హ్యాండిల్ మూసేస్తుంది కాబట్టి పాత లాక్ మిగిలిపోదు. థ్రెడ్ గొడవ లేదు, అవెయిట్‌తో హాయిగా నడుస్తుంది. సమ్మరీ ఫైల్‌నే నన్‌తో తెరవొచ్చు కదా అంటే, తెరవొచ్చు, కానీ అప్పుడు దాన్ని ఎక్సెల్‌లో చూడాలనుకున్నవాళ్ళకి తెరుచుకోదు. పైగా వాళ్ళు తెరిచి భోజనానికి వెళితే మీ సర్వీస్ ఆగిపోతుంది.

‘ఫైల్ ఉందంటే లాక్ ఉన్నట్టు, లేదంటే లేనట్టు’ అనే పాత పద్ధతి వద్దు. కరెంటు పోతే ఆ ఫైల్ అలాగే మిగిలి, మర్నాడు ఎవరో చేత్తో తీసేదాకా అన్నీ ఆగిపోతాయి. లోపల ప్రాసెస్ ఐడీ రాసిపెట్టినా, ఆ నంబర్‌ని విండోస్ మరో ప్రాసెస్‌కి ఇచ్చేసి ఉండొచ్చు.

ఒకే ప్రాసెస్ లోపలి థ్రెడ్ల మధ్య మాత్రం ఫైల్ దాకా వెళ్ళనక్కర్లేదు. సెమఫోర్‌స్లిమ్ (1, 1) పెట్టి వెయిట్‌అసింక్. ముందు సెమఫోర్, తర్వాత లాక్ ఫైల్, ఆ వరుసలోనే.

మొదటి ప్రశ్నకి ఒక చిన్న సవరణ కూడా. తెరవడానికి ఆగడం లేదన్నది నిజమే, కానీ తెరిచాక బైట్ల మీద లాక్ కోసం విండోస్ ఆగుతుంది. లాక్‌ఫైల్‌ఈఎక్స్‌కి ఎక్స్‌క్లూజివ్ ఫ్లాగ్ ఇచ్చి, ‘ఫెయిల్ ఇమ్మీడియట్లీ’ ఫ్లాగ్ ఇవ్వకపోతే లాక్ దొరికేదాకా పిలుపు తిరిగిరాదు. అందులో టైమ్‌అవుట్ లేదు. కావాలంటే ఫైల్‌ని ఓవర్‌ల్యాప్డ్‌గా (పిలుపు ఆగకుండా ఫలితం తర్వాత వచ్చేలా) తెరిచి, ఈవెంట్ ఇచ్చి, వెయిట్‌ఫర్‌సింగిల్‌ఆబ్జెక్ట్‌లో మిల్లీసెకన్లు పెట్టి, గడువు దాటితే క్యాన్సిల్‌ఐఓఈఎక్స్ పిలవాలి. పిలిచాక కూడా గెట్‌ఓవర్‌ల్యాప్డ్‌రిజల్ట్ చూడాలి, ఎందుకంటే రద్దు చేసేలోపే లాక్ దక్కి ఉండొచ్చు. అందరూ ఫైల్‌షేర్.రీడ్‌రైట్‌తో తెరిచి, ఒకే చోట లాక్ అడిగితేనే దీనికి అర్థం. మీ బిల్లింగ్ ఫైళ్ళకి పనికిరాదు. డాట్‌నెట్‌లో ఫైల్‌స్ట్రీమ్.లాక్ ఉంది గానీ అది ఆగదు, 33తో వెంటనే తిరిగొస్తుంది.

నిజానికి మూడు ప్రాసెస్‌లు ఒక ఫైల్‌లో రాయాలంటే సిఎస్‌వి బదులు ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ పెట్టేయడమే తేలిక. బిజీ టైమ్‌అవుట్ 5000 పెట్టి, రాసే ట్రాన్సాక్షన్‌ని ‘బిగిన్ ఇమ్మీడియట్’తో మొదలుపెడితే ఆగడం దాని తలనొప్పి. నెట్‌వర్క్ షేర్ మీద మాత్రం పెట్టకండి.

---

పెంగ్విన్‌పాలెం

నాలుగో ప్రశ్నకి నేను చెబుతా.

లినక్స్‌లో లాక్ అంటే బస్సు సీటు మీద కర్చీఫ్ వేయడమే. మర్యాద తెలిసినవాడు చూసి పక్కకి వెళతాడు, తెలియనివాడు దాని మీదే కూర్చుంటాడు. కెర్నల్ ఎవరినీ లేపదు. డాట్‌నెట్‌లో ఫైల్‌షేర్.నన్ పెడితే లోపల ఫ్లాక్ అనే పిలుపుతో ఎక్స్‌క్లూజివ్ లాక్ అడుగుతుంది, అదీ ఆగకుండా. ఇంకో డాట్‌నెట్ ప్రోగ్రాం దాన్ని గౌరవిస్తుంది. క్యాట్, సీపీ, ఎంవీ, ఆర్‌ఎమ్ ఏవీ పట్టించుకోవు. ఒకప్పుడు కెర్నల్ బలవంతంగా అమలుచేసే లాక్ కూడా ఉండేది, 5.15 వెర్షన్‌లో తీసేశారు.

అంటే ‘32 వస్తే ఇంకా రాస్తున్నాడు’ అనే మీ తర్కం అక్కడ పూర్తిగా కూలిపోతుంది. రాసేవాడు రాస్తూనే ఉంటాడు, మీ ఓపెన్ మొదటిసారే సక్సెస్. పేరు మార్పు లేదా ట్రైలర్ రికార్డ్, ఈ రెండిటిలో ఒకటి అక్కడ తప్పనిసరి. ఐనోటిఫై (ఫైల్ మార్పులు చెప్పే లినక్స్ సొంత సదుపాయం) నేరుగా వాడితే ‘క్లోజ్ రైట్’, ‘మూవ్డ్ టు’ ఈవెంట్లు ఉన్నాయి, రాయడానికి తెరిచినవాడు మూశాడని మొదటిది చెబుతుంది. ఫైల్‌సిస్టమ్‌వాచర్ మాత్రం ఆ మూసిన కబురుని మీకు విడిగా అందించదు.

మీ లూప్‌లో 32, 33 చెక్ కూడా లినక్స్‌లో ఎప్పటికీ నిజం కాదు. అక్కడ హెచ్‌రిజల్ట్‌లో వచ్చేది నేరుగా ఎర్ర్‌నో, అంటే కెర్నల్ ఎర్రర్ నంబర్, లాక్ దొరక్కపోతే 11. మాక్ మీద 35. ఆపరేటింగ్‌సిస్టమ్.ఈజ్‌విండోస్ చూసి విడదీయండి.

షెల్ స్క్రిప్టులు కూడా ఆ ఫోల్డర్‌ని తాకుతుంటే, ఫ్లాక్ కమాండ్ ఉంది. ‘-డబ్ల్యూ 30’ ఇస్తే 30 సెకన్లు ఆగుతుంది, ‘-ఎన్’ ఇస్తే అసలు ఆగదు. దొరక్కపోతే ఎగ్జిట్ కోడ్ 1. మీ ప్రోగ్రాం సొంతంగా ఇచ్చే 1కీ దీనికీ తేడా తెలియాలంటే పెద్ద ‘-ఈ’ తో వేరే నంబర్ పెట్టుకోండి. స్క్రిప్ట్ ఏదైనా బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్‌ని మొదలుపెడితే అది లాక్ డిస్క్రిప్టర్‌ని (విండోస్ హ్యాండిల్‌కి లినక్స్‌లో సాటి) కూడా వెంట తీసుకుపోతుంది. స్క్రిప్ట్ ముగిసినా లాక్ వదలదు. చిన్న ‘-ఓ’ ఆప్షన్ కమాండ్ నడిపే ముందు దాన్ని మూసేస్తుంది.

సీ భాష నుంచి ఎఫ్‌సీఎన్‌టీఎల్ లాక్ (ఫ్లాక్ కాని మరో రకం లాక్) వాడే లైబ్రరీలు ఉంటే జాగ్రత్త. ఆ లాక్ మొత్తం ప్రాసెస్‌కి చెందుతుంది. అదే ఫైల్‌ని ఇంకోచోట ఊరికే తెరిచి మూసినా ఆ ప్రాసెస్ లాక్‌లన్నీ పోతాయి. ఈ బాధ తప్పించడానికే 3.15 కెర్నల్‌లో ఓఎఫ్‌డీ లాక్‌లు వచ్చాయి. ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్) మీద ఫ్లాక్ లోపల ఎఫ్‌సీఎన్‌టీఎల్ లాక్‌గా మారుతుంది, కాబట్టి ఎక్స్‌క్లూజివ్ కావాలంటే ఫైల్‌ని రాయడానికి తెరిచి ఉండాలి. ‘నోలాక్’తో మౌంట్ చేస్తే లాక్ ఆ మెషీన్ వరకే.

మ్యూటెక్స్ దారిలో వెళితే, వేర్వేరు కంటైనర్లలో పేరు ఒకటైనా మ్యూటెక్స్ ఒకటి కాదు. షేర్డ్ వాల్యూమ్ మీద లాక్ ఫైలే మేలు.

---

పాతకెర్నల్

లాక్ ఫైల్ గురించి ఒక హెచ్చరిక చేరుస్తున్నా, పని అయ్యాక దాన్ని డిలీట్ చేద్దామని ఎవరికైనా అనిపించొచ్చు.

విండోస్‌లో ఫైల్‌ఆప్షన్స్.డిలీట్‌ఆన్‌క్లోజ్ పెడితే కూలిపోయినా కెర్నలే తీసేస్తుంది, ఇబ్బంది లేదు. కాకపోతే ఆ క్షణంలో తెరవబోయినవాడికి 5 రావచ్చు, ఈ లాక్ ఫైల్ వరకు 5ని కూడా రీట్రైలో కలపండి. లినక్స్‌లో మాత్రం డిలీట్ చేయకండి. మొదటివాడు లాక్ పట్టుకుని ఉన్నాడు, రెండోవాడు అదే ఫైల్ తెరిచి ఫ్లాక్‌లో ఆగి ఉన్నాడు. మొదటివాడు ఫైల్ తీసేసి లాక్ వదిలాడు. రెండోవాడికి లాక్ దక్కింది, కానీ పేరు లేని పాత ఐనోడ్ (పేరు వెనకున్న అసలు ఫైల్) మీద. ఇంతలో మూడోవాడు అదే పేరుతో కొత్త ఫైల్ సృష్టించి దానికి లాక్ వేశాడు. ఇద్దరూ లోపలే ఉన్నారు. డాట్‌నెట్‌లో అక్కడి డిలీట్‌ఆన్‌క్లోజ్ కూడా మూసేటప్పుడు ప్రోగ్రాం చేసే డిలీటే, కెర్నల్ చేసేది కాదు.

సున్నా బైట్ల ఫైల్‌ని అలా ఉండనివ్వడమే సరైన పని. తీయక తప్పదంటే, లాక్ దక్కాక డిస్క్రిప్టర్ ఐనోడ్ నంబరూ, ఆ దారిలో ఇప్పుడున్న ఫైల్ ఐనోడ్ నంబరూ పోల్చి, తేడా ఉంటే మూసి మళ్ళీ మొదటినుంచి.

---

హ్యాండిల్‌వేట

గడువు దాటినప్పుడు ‘ఎవరు పట్టుకున్నారు’ అన్నది లాగ్‌లో పడితే సగం పని అయిపోతుంది. విండోస్‌లో దానికి రీస్టార్ట్ మేనేజర్ ఏపీఐ ఉంది, విస్టా నుంచి. ఆర్‌ఎమ్‌స్టార్ట్‌సెషన్, ఆర్‌ఎమ్‌రిజిస్టర్‌రిసోర్సెస్‌కి ఫైల్ దారి, ఆర్‌ఎమ్‌గెట్‌లిస్ట్, చివర ఆర్‌ఎమ్‌ఎండ్‌సెషన్. ప్రాసెస్ ఐడీ, పేరు రెండూ ఇస్తుంది. లూప్ ప్రతి చుట్టులో పిలవకండి, గడువు దాటాక ఒక్కసారి చాలు.

చేత్తో చూడాలంటే రిసోర్స్ మానిటర్‌లో సీపీయూ ట్యాబ్, ‘అసోసియేటెడ్ హ్యాండిల్స్’ పెట్టెలో ఫైల్ పేరు కొట్టండి. లేదా ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో ఫైండ్ హ్యాండిల్, అడ్మిన్‌గా తెరవాలి. పవర్‌టాయ్స్ ఉంటే ఫైల్ లాక్‌స్మిత్.

ఇవేవీ ఏమీ చూపించకపోయినా 32 వస్తుంటే, ఫోల్డర్ నెట్‌వర్క్ షేర్ అయి, పట్టుకున్నది వేరే మెషీన్ అన్నమాట. ఆ సర్వర్ మీద పవర్‌షెల్‌లో గెట్-ఎస్‌ఎంబీఓపెన్‌ఫైల్ నడపండి, ఏ కంప్యూటర్, ఏ యూజర్ అన్నది వస్తుంది. అక్కడినుంచే బలవంతంగా మూసే కమాండ్ కూడా ఉంది గానీ, రాస్తున్న ఫైల్ మీద వాడితే సగం డేటా మిగులుతుంది.

లినక్స్‌లో ఎల్‌ఎస్‌ఓఎఫ్‌కి ఫైల్ దారి ఇస్తే తెరిచినవాళ్ళు, ఎల్‌ఎస్‌లాక్స్ అంటే లాక్ వేసినవాళ్ళు. ప్రాక్ కింద లాక్స్ ఫైల్‌లో బాణం గుర్తున్న వరుసలు ఇంకా ఆగి ఉన్నవి.

---

తీగలవంతెన

ఒక్క చివరి సందేహం. ఇదే ఫోల్డర్‌ని జావాలో, పైథాన్‌లో రాసిన చిన్న టూల్స్ కూడా చూస్తాయి. వాటిలో ఆగే పిలుపులు నమ్మొచ్చా?

---

నల్లతెర

జావాలో ఫైల్‌ఛానెల్.లాక్ దొరికేదాకా ఆగుతుంది, ట్రైలాక్ దొరక్కపోతే నల్ ఇస్తుంది. కానీ అదే జేవీఎం లోపల ఇంకో థ్రెడ్ అడిగితే రెండూ ఆగవు, ఓవర్‌ల్యాపింగ్‌ఫైల్‌లాక్‌ఎక్సెప్షన్ విసురుతాయి. అది ప్రాసెస్‌ల మధ్య లాక్, థ్రెడ్ల మధ్య కాదు.

పైథాన్‌లో విండోస్ మీద ఎంఎస్‌వీసీఆర్‌టీ.లాకింగ్‌కి ఎల్‌కే_లాక్ ఇస్తే సెకనుకోసారి చొప్పున 10 సార్లు చూసి ఓఎస్‌ఎర్రర్ ఇస్తుంది. ఆగుతుందనుకుని వాడితే పదో సెకనులో పడిపోతుంది. ఎల్‌కే_ఎన్‌బీఎల్‌సీకే తీసుకుని మీ సొంత లూప్ రాసుకోండి. లినక్స్ మీద ఎఫ్‌సీఎన్‌టీఎల్ మాడ్యూల్‌లో ఫ్లాక్, లాక్‌ఎఫ్ రెండూ ఉన్నాయి. మీ డాట్‌నెట్ సర్వీస్ వాడేది ఫ్లాక్ కాబట్టి ఇక్కడా అదే వాడాలి. లాక్‌ఎఫ్ ఎఫ్‌సీఎన్‌టీఎల్ రకం, లోకల్ డిస్క్ మీద ఆ రెండు రకాలూ ఒకదాన్నొకటి చూసుకోవు.